కోటీ నలభై తొమ్మిది

రాత్రి పొయ్యి ఆరిపోయింది.
గది ఇరవై నుంచి పద్నాలుగుకు దిగింది.
బయట కెమియార్వి సరస్సు
మంచు కింద మూలుగుతూనే ఉంది.
నేను దుప్పటి మీద దుప్పటి లాక్కున్నాను.
బల్ల మీది స్ఫటికానికి దుప్పటి లేదు.
సెకనుకు కోటి సార్లు ఊగవలసింది
కోటీ నలభై తొమ్మిది సార్లు ఊగింది.

తౌనో నవ్వాడు.
"కోటికి నలభై తొమ్మిదేనా! హిల్కా,
గుజ్జు మిల్లులో మనం బేళ్ళకు బేళ్ళే లెక్క తప్పేవాళ్ళం."
నిజమే. అక్కడి తప్పు లారీ ఎక్కి వెళ్ళిపోయేది.
ఇక్కడ, తెల్లవారుజామున
ట్రోమ్సో నుంచి వచ్చే సన్నని మోర్స్ కూత
ఉన్నచోట ఉండక జారుతుంటే
డయల్ తిప్పుతూ దాని వెంట పడేది నేను.

మొదట దిద్దబోయాను.
ట్రిమ్మర్‌ని వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు.
పొద్దున దిద్దింది మధ్యాహ్నానికి తప్పు.
తలుపు తీస్తే తప్పు.
కాఫీ కప్పు పక్కన పెడితే ఇంకోటి.
మూడు వారాలు తిట్టాను దాన్ని,
తప్పుతున్నది గది అని తెలిసేదాకా.

సరే, దానికి దాని గది కట్టాను.
ఇత్తడి దిమ్మె. రీట్టా తన లేతు మీద తొలిచి ఇచ్చింది.
పాత ఫ్రిజ్ తలుపులోంచి కోసిన నురుగు.
వేడెక్కడానికే పుట్టినట్టున్న ట్రాన్సిస్టర్ ఒకటి.
ఆవగింజంత థర్మిస్టర్;
చలేస్తోందని చెప్పడం తప్ప దానికి వేరే పని లేదు.

డెబ్బై ఎనిమిది డిగ్రీలు.
వేడి పెరిగేకొద్దీ ఊపు తగ్గుతుంది,
తగ్గి తగ్గి ఒకచోట
తగ్గడం మర్చిపోతుంది, ఇంకా పెరగడం గుర్తురాదు.
గిన్నె అడుగున గోళీ లాగా.
ఆ అడుగు కోసం పదకొండు రాత్రులు
గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టాను.

"డెబ్బై ఎనిమిదా? అది సౌనా కదా!" అన్నాడు తౌనో.
"ఊరంతా లోపలికెళ్ళి, ఉడికి,
బయటికొచ్చి మంచులో దొర్లుతుంది.
పాపం, దీన్నెప్పుడూ బయటికి రానివ్వవా?"

ఒక్కసారి రానిచ్చాను.
ఎలా ఉందో చూద్దామని మూత తీశాను.
చూసింది అర నిమిషం.
అది మళ్ళీ కుదుటపడడానికి రెండు రోజులు.
అప్పటినుంచీ మూత మీద టేపు,
టేపు మీద నా చేతిరాతే:
హిల్కా, వద్దు.

ఇప్పుడు పొయ్యి ఆరితే
కదిలేది హెర్ట్జులో వందో వంతు.
నాకంటే ముందు పిల్లి కనిపెట్టింది,
ఇంట్లో అలక లేని వెచ్చదనం అదొక్కటేనని.
పెట్టె మీదే నిద్ర.

నెలకోసారి నోటుబుక్కు తెరుస్తాను.
ఎంత కాపాడినా లోపల అది
రవ్వంత రవ్వంతగా ముసలిదవుతోంది.
దానికి పొయ్యి లేదు. రాసుకుంటాను.

వంటింటి గడియారం ఏడు నిమిషాలు వెనక.
బస్సూ రోజూ అంతే ఆలస్యం.
దాన్ని మాత్రం ముట్టుకోను.