ముగ్గురాయి

టికెట్టు లేదన్నాడు గేటు కాడ దిల్‌బహదూర్.
పిడికిట్లో దాచుకున్న అర్ధ దీనారు అప్పటికే చెమటకి తడిసింది.
ఊరికే అంటే నాకు నమ్మకం తక్కువ.
ఆజాద్ వీసా అని చెప్పే గదా
లక్షా ముప్పై వేలు లెక్కబెట్టుకున్నాడు రాయచోటి ఏజెంటు.
మళ్లీ అడిగినా, ఈసారి అరబ్బీలో.
"బలాష్" అన్నాడు. "నీకూ బలాషే."

దానా లోపలికి ఉరికింది.
ఆరేండ్ల పిల్ల. చెప్పు ఒకటి గేటు బయట, ఒకటి లోపల.
రెండూ ఏరుకోని వెనకాలే పోయినా.

సల్వాలో ఎవరో ముసలాయన ఇల్లంట ఇది,
పోతా పోతా తోటంతా బొమ్మలకి రాసిచ్చినాడంట.
ఖర్జూరపు చెట్ల నడుమ
తల లేని మనిషి,
కాళ్లు మాత్రమే ఉండే గుర్రం,
ఇత్తడి తీగతో అల్లిన పడవ, ఎక్కి కూచునేదానికి తావు లేదు.
ఆ పక్కన మోకాళ్ల మీద వంగిన ఆడమనిషి.
నల్ల కంచు. మొగం చెక్కలేదు.
ఏం చేస్తా ఉందో బోర్డు మీద రాసుంటారు,
నాకెందుకు బోర్డు?
సోఫా కిందికి దొర్లిన గోలీ కోసం
నేనూ అట్నే వంగుతా, దినానికి నాలుగు మాట్లు.

నిన్నటి దుమ్ముగాలి ఆయమ్మ వీపు మీదే ఉండాది ఇంకా.
భుజం మీద పావురం రెట్ట.
ముట్టగూడదని చెయ్యి బొమ్మ గీసి
దాని మీద ఎర్రగీత కొట్టినారు.
తొమ్మిదేండ్లలో ఆ ఇంట్లో నేను ముట్టంది ఏముంది?
గాజు గుర్రాలు, ఊదు కుంపటి, మామా పెండ్లి ఫొటో,
గ్లాసులో నానబెట్టిన పెద్దబాబా పండ్ల సెట్టు.

దానా సీసాలో నీళ్లతో చున్నీ కొన తడుపుకున్నా.
దిల్‌బహదూర్ చూసినాడు.
చూసి, అటు తిరిగి
చెట్టు పైన ఆకులు ఎన్నున్నాయో లెక్కబెట్టేవాడి మాదిరి నిలబడినాడు.
చల్లగా ఉంటాదనుకున్న కంచు
ఇస్తిరిపెట్టె లెక్కన కాలింది.

"రెడ్డీ, తఆలీ!"
నా పేరు రెడ్డెమ్మ. వాళ్లకి అంతవరకే పలుకుతాది.

తోట చివర తుప్పుబట్టిన గొట్టం, నూనె బావులు తవ్వేది,
నిట్టనిలువుగా పాతినారు.
దాని కాళ్ల కాడ రాళ్ల కుప్ప, తెలుపూ బూడిదా కలిసిన రంగు.
దానా ఒకటి ఎత్తబోయి, రెండో చెయ్యి గూడా పెట్టి, మూలిగింది.
ఇంత రాయికి అంత బరువేందని నా తట్టు చూసింది.

నాకు ఎత్తకముందే తెలిసిపోయింది.
మంగంపేట ముగ్గురాయి.

అమ్మా నేనూ గని బయట దిబ్బల మీద ఏరేవాళ్లం.
కండ్లు మోసం చేస్తాయి, అరచెయ్యి చెప్తాది అనేది అమ్మ,
ఏది ముగ్గో, ఏది ఉత్త బండో.
గంపకి మూడు రూపాయలు.
మిల్లులో పొడిగొట్టి లారీలకెత్తేవాళ్లు.
యాడికి పోతాదన్నా అంటే
"సముద్రం అవతలికి. నూనె బావుల్లో పోస్తారంట" అన్నాడు మేస్త్రీ.
మేము పడీపడీ నవ్వినాం.
వాకిట్లో ఎయ్యాల్సిన ముగ్గుని బావిలో పోసేదెవరు?

నల్ల అబాయా వేసుకున్న కాలేజీ పిల్లని అడిగినా, బోర్డులో ఏముందని.
చదివి చెప్పింది ఓపిగ్గా:
"ఉక్కు. దొరికిన రాళ్లు."

దొరికినవంట.
"దొరికినవి గాదు పాపా, ఏరినవి" అన్నా తెలుగులోనే.
ఆ పిల్ల నవ్వి, తలూపి, పడవ కాడికి పోయింది.

కుప్ప ముందర గొంతుక్కూచున్నా.
ఒక్కొక్కటీ అరచేతిలో తూచి చూసినా.
రెండు కావు. ఉత్త బండలు, తేలిగ్గా ఉన్నాయి,
ఎవరో తెలీక కలిపినారు.
తీసి పక్కన బెట్టినా, ఎర్రగీత చెయ్యి కిందనే.

"ఎందుకు తీసినావు?" అంది దానా.
చెప్పేదానికి నా కాడ అరబ్బీ చాల్లేదు.
చెప్పు తొడిగినా.
అర్ధ దీనారు ఐస్‌క్రీముకి పోయింది.

మళ్లీ తోలుకొస్తారో లేదో.
వస్తే చూడాల,
ఆ రెండూ పక్కనే ఉన్నాయా, కుప్పలో కలిపేసినారా అని.