తరుగు

మా నాయిన ఓదెలు వడ్లు కాంటా పెట్టినప్పుడల్లా
సంచి మూతి పట్టుకొని పక్కనే నిలబడ్డదాన్ని.
రాసుకునేటోడు మా మొఖం దిక్కు చూడడు.
తాలు అంటడు, తేమ అంటడు,
ఇంకేం దొరకకపోతే ఏమనడు,
ఊకెనే కొట్టేస్తడు.
తరుగు పోయిందంటే పోయిందే.
దానికి రశీదు ఉండది, మర్లి వచ్చే తొవ్వ ఉండది.

అందుకే నయీంనగర్ కోచింగ్ సెంటర్‌ల
తొమ్మిది వేలన్న జీతం
ఎనిమిది వేల ఒక్క వందై అకౌంట్ల పడ్డనాడు
నేను నోరు తెరవలే.
ఇంటర్ పిల్లలకు సమాకలనం చెప్పేదాన్ని,
తొమ్మిది వందలు ఎటు పాయెనో లెక్క తియ్యలే.
మా ఇంట్ల దానికి ముందే ఒక పేరుండె.
ఎనిమిది నెలలు ఆ పేరుతోనే ఊకున్న.

హాస్టల్ మంచం మీద ఉప్మా తినుకుంట అడిగింది నుస్రత్,
ఎమ్‌కామ్ రెండో సంవత్సరం:
"వాళ్లకు పాన్ కార్డు ఇచ్చినవా?"
ఇచ్చిన.
"అయితే పైసలు యాడికి పోలే పిచ్చిదానా,
నీ పేరు మీద సర్కారు కాడ కూసున్నై.
పిలిస్తే వస్తై. పిలువకపోతే
వాటంతటవి బస్సెక్కి రావు."

మరి స్కాలర్‌షిప్?
"చదువుకోమని ఇచ్చినదానికి పన్నెవడేస్తడు?"
నా డెబ్బై రెండు వేలు?
నుస్రత్ నవ్విన నవ్వుకు చెంచా కింద పడ్డది.
"పన్ను మొదలయ్యే గీత ఢిల్లీల ఉన్నదనుకో,
నువ్వింకా కాజీపేట ప్లాట్‌ఫారం కూడ ఎక్కలే."

ఎఫ్ అక్షరం ఊడిపోయిన ఆమె లాప్‌టాప్‌ల
ఇరవై ఆరు ఏఎస్ అనే కాయితం తెరిచినం.
నా పేరు, నా నంబరు,
ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా వరుసగా తొమ్మిది వందలు.
నా కష్టాన్ని నాకు తెల్వకుండ
ఎవరో ఇంత పద్ధతిగ రాసిపెట్టిన్రని
కొద్దిసేపు సంబురపడ్డ.

జనవరి లేదు.
ఫిబ్రవరి లేదు. మార్చి లేదు.

కోసిండ్రు గని కట్టలే.

తెల్లారి వాన. హన్మకొండ చౌరస్తా కాడ ఆటో దిగి
ప్రింటు తీసిన కాయితం చున్నీ కింద పెట్టుకొని పోయిన.
అకౌంటెంట్ మొగిలి సారు ఫ్యాన్ కింద సాక్సులు ఆరేసుకుంటుండు.
"ఎంతనమ్మా, రెండు వేల ఏడు వందలకా?
ఇంత వానల?"
అవును సార్, రెండు వేల ఏడు వందలకే.
నా గొంతు నాకే కొత్తగ వినబడ్డది.
కాంటా కాడ ఏ ఒక్కనాడు
మా నాయిన నోట్ల నుంచి రాని గొంతు అది.
సారు కాయితం తిప్పి చూసిండు,
మల్ల తిప్పిండు, అటు దిక్కు ఏం లేదు.
"మర్సిపోయినం. పది రోజులల్ల సరిచేస్త."

పదమూడు రోజులు పట్టింది.

జూలై ఆఖరు వారం, రాత్రి పదకొండు.
"ఒకటో నంబరు ఫారం నింపకు,
వాళ్లు నీకిచ్చింది జీతమని చూపలే, ఫీజని చూపిన్రు,
నీది నాలుగో నంబరు" అంటది నుస్రత్.
ఆధార్ కలిసిందా, బ్యాంకు నంబరు సరిపోయిందా,
రాని ఆదాయం రాయకు, వచ్చింది దాయకు.
పంపినంక ఫోన్‌కు ఆరంకెలు వస్తై, అవి కొట్టకపోతే
పంపనట్టే లెక్క.
ఆరంకెలు కొట్టిన. చేతులు వణికినయెందుకో.
పరీక్ష హాల్ల కూడ వణకలే గట్ల.

సెప్టెంబర్ల ఒక మాపటీలి
ఏడు వేల రెండు వందలు, మీద ఇంత చిల్లర.
ఇంటికి ఫోన్ చేసిన.
నాయిన మోటర్ కాడ ఉన్నడు, నీళ్ల సప్పుడు.
"నాయినా, నా తరుగు తిరిగొచ్చింది."
"ఏందీ?"
గట్టిగ చెప్పిన.
మోటరు బందు చేసినట్టుంది, సప్పుడాగింది.
"తరుగా? తిరిగొచ్చుడా?"
ఏ కాయితం, ఏ నంబరు, ఎవల్నడిగినవు,
ఒక్కొక్కటే అడిగి చెప్పించుకున్నడు.

శానాసేపటికి మెల్లగ అన్నడు:
"మరి వడ్లకు గిసొంటి కాయితం
ఏదన్న ఉన్నదా బిడ్డా?"

నుస్రత్‌ను అడిగి చెప్త నాయినా,
అన్న.