గాలి మాట

నారిన్‌లో తెల్లవారుజాము. సున్నాకి ఇరవై రెండు కింద.
బజారుకి ఎండు పెరుగుండల బస్తా ఒళ్ళో పెట్టుకుని
వెనక సీట్లో ఇరుక్కున్నాను.
బురుల్చా ఇంకా బండి ఎక్కదు.
మంచులో మోకాళ్ళూని
ఒక్కో చక్రం దగ్గరా చెవి ఒగ్గుతుంది.

"నిన్ననే కదా కొట్టించావ్!"
తోక్తోసున్ బూటుతో టైరుని ఒక్క తన్ను తన్ని
"రాయిలా ఉంది, పద" అన్నాడు.
ఆమె గాలి మాట నమ్మదు,
గాలినే అడుగుతుంది.
గేజి ముల్లు ఒకటి పాయింట్ ఎనిమిది దగ్గర వణికింది.
చలికి గాలి కూడా
కాళ్ళు ముడుచుకుని పడుకుంటుందట.

కాలి పంపు. తొక్కీ తొక్కీ
ఆమె ఊపిరి సగం అందులోకే పోయినట్టుంది.
రెండు పాయింట్ రెండు. మూత బిగింపు.
వెనక ఎడమది మాత్రం రెండుసార్లు చూసింది,
దాని మీద ఆమెకెప్పుడూ అనుమానమే.

మేం గొణుగుతూనే ఉన్నాం,

దోలోన్ కనుమ మలుపులో
గాజుపలకైన దారి మీద
బొగ్గు లారీ అడ్డంగా జారుకుంటూ వచ్చేదాకా.
బురుల్చా బ్రేకు మీద కాలు ఆనించింది, అంతే.
నాలుగు అరచేతులంత రబ్బరు
నేలను పట్టుకుంది.

కొచ్‌కోర్‌లో టీకి ఆగాం.
తోక్తోసున్ అందరికన్నా ముందు దిగి
వెనక ఎడమ చక్రాన్ని తడిమాడు,
గుర్రం మెడ నిమిరినట్టు.