అచ్చులు లేని నంబరు

చేపల రేవులో బోట్లకి నంబర్లు రాస్తాను.
వేట నిషేధం అరవై ఒక్క రోజులూ
బోట్లన్నీ ఒడ్డునుంటాయి, నా బ్రష్షుకి నిద్రుండదు.
ఆ డబ్బుతోనే ఈ జూన్‌లో
డాబాగార్డెన్స్ మేడమీద కొట్లో
ఒక్కో డబ్బా విప్పించి కొన్నాను,
ఆటలాడే కంప్యూటరు.
నలభై ఒకటో ఏట. నాకోసమే.
అద్దాల పెట్టె, లోపల మూడు ఫ్యాన్లు,
తిరుగుతూ రంగులు మారుస్తాయి.

స్విచ్చేస్తే నల్లటి తెర.
"ఏటిది, ఇన్ని వేలు పోస్తే ఇదా?"
కొట్టు ధనుంజయ నవ్వాడు.
"బోటు కట్టాం గురూ. సరంగు ఎక్కాలి కదా!"
అని జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు,
హాలు బయట బ్లాకులో టిక్కెట్టు తీసినట్టు.
"ఊరికే వేసేస్తాను. అందరూ ఇదే."

వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు.

ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే ముబీన
"లైనక్సు వెయ్యన్నా, పైసా అక్కర్లేదు,
ఎవడి అనుమతీ అక్కర్లేదు, సముద్రంలాంటిది" అంది.
సముద్రానికీ అనుమతి ఉంటుందే పిల్లా,
పడవ ముక్కుమీద నేనే రాస్తాను.
అయినా రెండు రాత్రులు వేసి చూశాను.
బాగుంది. అన్నీ నడిచాయి,
నేను ఆడాలని కొన్న ఆట తప్ప.
దాని గుమ్మంలో దొంగాటగాళ్ళని పట్టే కాపలావాడున్నాడట,
ఈ వీధిలోంచి వచ్చినవాళ్ళని నమ్మడట.

ఇక కొనడమే. అందులోనూ రెండు రకాలు.
చవకది బోర్డుకి అతుక్కుపోతుంది,
బోర్డు పోతే దాంతోనే పోతుంది.
ఖరీదుది విప్పి ఇంకో పెట్టెలోకి మార్చుకోవచ్చు.
ఇది మాత్రం ఎవరూ విడమర్చక్కర్లేదు నాకు.
ఇంజను ఏ బోటుకైనా ఎక్కుతుంది.
నంబరు చెక్కతోపాటు చీలి పొయ్యిలోకి పోతుంది.

"చవకదే తీసుకో" అన్నాడు ధనుంజయ.
మాది చెంగలరావుపేట.
కిటికీ చువ్వలు మూడేళ్ళకోసారి మారుస్తాం.
తలుపు గొళ్ళెం నలిపితే వేళ్ళకి పొడి.
ఈ ఊళ్ళో ఉప్పుగాలి తినని ఇనుము చూపించు,
అప్పుడు మాట్లాడదాం నీ బోర్డు గురించి.

ఖరీదుదే కొన్నాను.

ఆరేళ్ళ కిందట పోలరాజు,
కాగితాల్లేని తన బోటుమీద
మంగమారిపేట బోటు నంబరు రాయమన్నాడు.
రాశాను. రెండు వేలు ఎక్కువిచ్చాడు.
అంకెలు ముద్దొచ్చేలా కుదిరాయి కూడా.
నిషేధంలో వేటకెళ్ళింది పోలరాజు బోటు.
గస్తీవాళ్ళు జెట్టీకి కట్టేసింది
అసలు నంబరున్న బోటుని. నాలుగు నెలలు.
మంగమారిపేటవాళ్ళు ఇప్పటికీ నాచేతే రాయించుకుంటారు.
నా చెయ్యి మంచిదంటారు.

రాత్రి కార్డు గీకాను.
ఇరవై అయిదు. అయిదేసి చొప్పున అయిదు జట్లు.
పైకి చదివితే నోరు తిరగలేదు,
అచ్చు ఒక్కటీ లేదు, హల్లులూ అంకెలూ.
సున్నా లేదు, 'ఓ' లేదు.
ఒకటి లేదు, 'ఐ' లేదు.
కూర్చినవాడెవరో గానీ
తడి చెక్కమీద రాసేవాడి అవస్థ తెలిసినవాడు.
ఒక్కటి మాత్రం మరిచిపోయాడు.
నాలుగో జట్టులో ఆగిపోయాను,
'బీ'యా, ఎనిమిదా?
కార్డు లైటుకి పెట్టాను, ఏటవాలుగా తిప్పాను.
'బీ'కి వెన్ను నిటారుగా ఉంటుంది.
ఎనిమిదికి వెన్నే ఉండదు.
'బీ' కొట్టాను.

తెర కాసేపు ఆలోచించింది.
రేవులో ఏదో ఓడ కూత వేసింది.
నంబరు సరైనదే అంది తెర.
ఎవరిది అని అడగలేదు.

ఆట దిగడానికి ఇంకా తొమ్మిది గంటలట.
పడుకున్నాను, పెట్టె రంగులు గోడమీద పాకుతున్నాయి.
పొద్దున్నే మంగమారిపేట బోటు వస్తోంది,
నంబరు వెలిసిపోయిందని.