తెల్లగుడ్డ ముందు

ఉదయగిరి బస్టాండు పక్కన, నా స్టూడియోలో
ఖాదర్‌బీకి ఇది నాలుగో అకామా ఫోటో.
"చెవులు కనపడాలక్కా" అన్నాను.
ముసుగు వెనక్కి లాక్కుంది.
కమ్మలుండేచోట వేపపుల్లలు.

మొదటిసారి, నవ్వొద్దంటే
ఆపుకోలేక మూడు ఫోటోలు చెడగొట్టిన మనిషి.
ఇప్పుడు నేను చెప్పకముందే
మొహంలోంచి అన్నీ తీసేసి కూర్చుంది,
కువైటోళ్ల ఇల్లు తుడిచినట్టు.

"ఏందబ్బయా, ఇది నేనేనా?"
"గుర్తుపడతారులే అక్కా."
"వాళ్లు చూసేది నంబరు గదా."

ఎనిమిది కోసిచ్చాను.
ఆరు పర్సులో పెట్టుకుంది, ఒకటి పాస్‌పోర్టులో.
మిగిలినదాన్ని కాసేపు తిప్పి తిప్పి చూసి
"ఇక్కడ కూడా ఒకటుండనీ" అని
బల్ల మీద పెట్టి, డబ్బులిచ్చి పోయింది.

అద్దం కింద దోపాను,
కరెంటు బిల్లు పక్కన.