వెనక సీటు

బరువు తగ్గాలని
నైనా మొదట పీకేసింది వెనక సీటునే.
పుదుప్పేట షెడ్డు నుంచి రిక్షాలో ఇంటికొచ్చింది అది,
ఎర్ర రెక్సీను, ఒక మూల ఎవడో సిగరెట్టు నలిపిన చిల్లు.
చూళైలో మా ఒంటిగది ఇంట్లో
అదే సోఫా, అదే మంచం.
మూడు నెలల నన్ను అమ్మ దానిమీదే పడుకోబెట్టేది,
దొర్లిపోకుండా అటూ ఇటూ పాత గేర్‌బాక్సు డబ్బాలు.

తర్వాత తలుపుల లోపలి అట్టలు పీకాడు.
కప్పు గుడ్డ, సామాను పెట్టె మూత,
ఆఖరికి హారను.
"దారిమ్మని అడిగేవాడికి రేసెందుకు?" అన్నాడట.

ఆ ఫియట్టు పదకొండేళ్ళు టాక్సీ.
సెంట్రల్ నుంచి మాంబళానికి పెళ్ళివాళ్ళను మోసి మోసి
నడుం పడిపోయి పుదుప్పేటకొచ్చింది, ముక్కలయ్యేందుకు.
ఎతిరాజులు నాయుడు దాన్ని తూకానికి కొన్నాడు.
నీలం రంగు పూశాడు గానీ
ఎండకి పెచ్చులూడి కప్పు మీద పసుపు తేలేది.
చోళవరంలో గడ్డిమోపుల వెనక జనం
"టాక్సీ! టాక్సీ!" అని ఈలలు.
ఒకడు చెయ్యెత్తి, ఎగ్మూరు వస్తావా అని అరిచాడట.
నైనా మూడో గేరులో నవ్వి
నాలుగోది మర్చిపోయాడట.

చోళవరమంటే యుద్ధం వదిలేసిపోయిన రన్‌వే.
విమానాల కోసం పోసిన కాంక్రీటు మీద
ఎగరలేనివన్నీ పోటీ పడేవి.
పలకకీ పలకకీ మధ్య అతుకు.
ఏ అతుకు దగ్గర ఏం చెయ్యాలో వెన్నుకి తెలుసు.
రాత్రి అన్నం తింటూ
ఎడమచేతి వేళ్ళతో నేలమీద కొట్టేవాడు
టక్, టక్, టక్,
ఇక్కడ బ్రేకు.
చారు పోస్తున్న అమ్మ చెయ్యి ఆగేది.

గెలిచింది ఒక్కసారి.
అదీ ముందున్న కోయంబత్తూరు కారు టైరు పేలితే.
సౌకార్‌పేట బ్యాటరీల సేటు
రెండు టైర్లిచ్చి తలుపు మీద తన పేరు రాయించుకున్నాడు,
పేరులో ఒక అక్షరం తప్పు పడితే
ఒక టైరు వెనక్కి తీసుకున్నాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఫిబ్రవరి,
చివరి మలుపులో ఎవరిదో నూనె కారింది.
మూడు పల్టీలన్నారు. నైనా రెండే అంటాడు.
ఎడమకాలు, క్లచ్చు తొక్కే కాలు.

అప్పుడు మొదటిసారి
తన కారు వెనక సీట్లో కూర్చున్నాడు నైనా.
నాలుగు నెలలు.
గుమ్మంలోంచి ఎండ వచ్చి పోయేది,
ఆయన కదిలేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం నా చేతికి స్టాప్‌వాచీ ఇచ్చాడు.
కళ్ళు మూసుకుని "ఊఁ" అన్నాడు. నొక్కాను.
కుడికాలి బొటనవేలు దుప్పటి కింద కదిలింది,
భుజం అటు ఒరిగింది, ఇటు ఒరిగింది,
గాల్లో పిడికిలి గేరు మార్చింది.
మళ్ళీ "ఊఁ".
రెండు నిమిషాల ఆరు సెకన్లు.
ఇంకో చుట్టు. రెండు నిమిషాల ఆరు.
రోజుకి ఇరవై చుట్లు తిరిగేవాళ్ళం, పెట్రోలు లేకుండా.
లెక్క నా ఎక్కాల పుస్తకం అట్టమీద రాసేదాన్ని.

ఒకరోజు మూడు నిమిషాలు దాటింది.
నాలుగు.
వాచీ చెమటకి జారుతోంది, నైనా కళ్ళు తెరవలేదు.
"ఏమైంది నైనా?"
"ఆపాను," అన్నాడు, "దిగి చూశాను.
మరక ఇంకా ఉంది."

ఆ తర్వాత వాచీ అడగలేదు.

అయనావరంలో డ్రైవింగు స్కూలు పెట్టాడు.
ఇరవై రెండేళ్ళు పక్క సీట్లో కూర్చుని
నర్సులకీ బ్యాంకు గుమాస్తాలకీ కొత్త పెళ్ళికొడుకులకీ
రివర్సు నేర్పాడు.
ముప్పై దాటితే అద్దంలో ఆయన కనుబొమ్మ లేచేది.
హారను కొట్టమని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కిందటేడు ఇరుంగాట్టుకోట్టైకి తీసుకెళ్ళాను, రేసు చూడ్డానికి.
ఇనప పంజరాలు, చెవుల్లో మాటలు,
తెరమీద సెకనులో వెయ్యోవంతు.
మెడ సాచి చాలాసేపు చూశాడు.
ఒక మెకానిక్కు కుర్రాణ్ణి పిలిచి
"లోపల సీట్లెన్ని బాబూ?" అన్నాడు.
"ఒకటే సార్."

తల ఊపాడు.
పార్కింగు దాకా ఏం మాట్లాడలేదు.
నేను తాళం వెతుక్కుంటుంటే అన్నాడు,
"మిగతావి ఎవరింట్లో ఉన్నాయో."