మెడముక్కలు

మట్టెవాడ గల్లీల నా మిషన్ కింద
ముప్పై ఏండ్ల సంది రాలుతున్నయ్ ముక్కలు.
చంకముక్క కొడవలి తీరుగ ఉంటది.
చేతిముక్కకు ఒక పేరంటూ లేదు, ఎట్లవడితె అట్ల.
మెడముక్క మాత్రం సగం చందమామ.
ఫ్యాషన్ దిగినకొద్ది
చందమామ పెద్దగైతూ వచ్చింది.

ఒకప్పుడు ఊడ్చి మోరి పక్కన పోసేదాన్ని.
ఇప్పుడు శుక్రారం శుక్రారం ఐలవ్వ వస్తది
హసన్‌పర్తి బస్సు దిగి,
చేతిల ఖాళీ బియ్యం సంచి, ఒంటినిండ గొర్రె వాసన.
"పట్టుయే వెయ్యి యాకమ్మా,
లైనింగు గుడ్డ కలిసి పోయినసారి
నీళ్లన్నీ ఎర్రబడ్డయ్" అంటది.

గొంగళ్లు కప్పుకునేటోళ్లు తక్కువైండ్రు.
కత్తిరించిన బొచ్చు ఊరికిస్తమన్నా ఎవరూ అడుగుతలేరు.
ఆమె మామ నేసిన మగ్గం మీద
ఉల్లిగడ్డలు ఆరుతున్నయ్.
అయితేమాయె అని
నెయ్యకుండనే బట్ట చేసుడు నేర్చుకున్నది.

ఒకనాడు సూడవోయిన.
చాప మీద ఏకిన నల్ల ఉన్ని
నిలువుగ ఒక పొర, అడ్డంగ ఒక పొర,
వాటి మీద నా చందమామలు,
ఆ పైన దువ్వెనకు చిక్కిన వెంట్రుకలంత పల్చగ ఇంకింత ఉన్ని.
కుంకుడు నురుగు కలిపిన వేడినీళ్లు చిలకరించి
చాప చుట్టి
మోచేతులతోటి దొర్లిచ్చుడే.
ఇటు నూరు, అటు నూరు.
లెక్క తప్పితే మల్ల మొదటి సంది.

"పట్టుకు పట్టు ఉండదే" అన్నది
కొంగుతోటి చెమట తుడుసుకుంట.
"పేరే పట్టు. గుణమంత జారుడే.
ఉన్నికి పండ్లుంటయ్.
ఇది కొరికి పట్టుకుంటెనే అది నిలుస్తది."

మూరెడు పరిచింది జానెడున్నరకు వచ్చింది.
మెడకు చుట్టుకునేటియి తొలి కత్తెర పిల్లల బొచ్చుతోటి చేస్తదట,
గీరుకోకుండ.
దిండ్లకు ముసలి గొర్రెల గరుకే మంచిదట,
బరువు మోస్తదట.

అనసూర్య టీచరు కొలతలు నా బుక్కుల
పందొమ్మిదేండ్లయి ఉన్నయ్.
నౌకరి రాకముందటియి,
బిడ్డ కడుపుల ఉన్నప్పటియి.
మొన్న దసరా దాటినంక వచ్చి
తలుపు దగ్గరికేసి
"మల్ల కొలువు" అన్నది.

టేపు ఒక పక్క ఎప్పటి తీరుగ ఎక్కి దిగింది.
ఇంకో పక్క
చదునుగ పోయింది.
నేనేం అడగలే. అంకె రాసుకున్న.
పెన్సిలు మొన ఇరిగింది.
"రాత్రిపూట కుట్ల కాడ చెయ్యి ఆనుతలేదు యాకమ్మా"
గోడకున్న క్యాలెండరుకు చెప్పినట్టు చెప్పింది.

పాత గిరాకీల ముక్కలు నేను పారెయ్య,
అతుకులకు పనికొస్తయని
బిస్కెట్ డబ్బాల ఏసి పెడ్త.
పావురం మెడ రంగు, నిమ్మపండు, కాలిన ఇటుక.
పందొమ్మిదేండ్లకు ఏడు చందమామలే దొరికినయ్.
ఐలవ్వ చేతిల పెట్టి
"చంకల ఇముడేంత చిన్న దిండు" అన్న.
"ఎవలకే?"
చెప్పిన.
ఆ దినం ఇటు నూరు, అటు నూరు లేదట,
లెక్కే పెట్టలేదట.

ఉన్ని ముడుసుకుంటె పట్టు ముడుతలు పడ్డది,
నీళ్లల చాన సేపు నానిన వేళ్ల లెక్క.
ముడుత ముడుతకు నడుమ మెరుపు.

అనసూర్య టీచరు దాన్ని చంకల పెట్టుకుని
కుర్చీల కూసున్నది.
బయట ఆటో ఒకటి ఆగి, పోయింది.
ముక్కు దగ్గర పెట్టి
"గొర్రె వాసన" అని నవ్వింది.
ఒక ముడుతను వేలుతోటి సాపు చేసి
"ఇది మా తమ్ముని పెండ్లిది గదా" అన్నది.
"కాదు, దాని తర్వాతది" అన్న.

లేచేటప్పుడు బల్ల మీద కొత్త బట్ట పెట్టింది,
మామిడాకు పచ్చ.
మెడ పైకి లేపాల్నా అని నేను నోరు తెరిసేలోపల
చెప్పులేసుకుంట
"ఎప్పటంత దింపు" అన్నది.

కత్తెర తిప్పిన.
సగం చందమామ కింద పడ్డది.
శుక్రారానికి ఇంక నాలుగు దినాలుంది.